ల్యాప్‌టాప్‌కు ఆయుధ పూజ

నంద్యాల దగ్గర కె.సి. కెనాల్‌లో సామ్యేలు శవం తేలింది. ఒడ్డుకు లాగేసరికి చేతికి వాచీ లేదు. చంపినవాళ్ళు దాన్ని ముట్టుకోలేదు. లాగినవాళ్ళే కొట్టేశారు.

రాజరత్నం గట్టు మీద గుంపులో నిలబడి చూస్తున్నాడు. చిన్నప్పుడు ఇద్దరిదీ నంద్యాలలో ఒకే బడి, ఒకే బెంచీ. పెద్దయ్యాక ఇద్దరిదీ ఒకే ఉద్యోగం, పెళ్ళిచూపుల్లో కూడా చెప్పుకోలేని గూఢచారి ఉద్యోగం. ఇప్పుడు వాడి గొంతు కోసి ఉంది. పక్కన ఒక పెద్దమనిషి వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ చూస్తున్నాడు. పొట్టు ఎగిరి శవం మీద పడుతున్నా ఆయనకు పట్టలేదు.

"ఎవురప్పా ఈయన?" అని అడిగాడు నమలుతూనే.

"తెలీదు," అన్నాడు రాజరత్నం. ఆ మాట అన్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

అది 1987, దసరా వారం. ఆ సాయంత్రమే స్టేషన్ దగ్గరి లాడ్జిలో బ్రీఫింగ్. చీఫ్ హైదరాబాదు నుంచి వచ్చి, మంచం మీద బాసింపట్టు వేసుకుని మిరపకాయ బజ్జీలు తింటున్నాడు. నూనె చేతిని లాడ్జి దుప్పటికి తుడుచుకున్నాడు. ఆ దుప్పటి అంతకుముందు ఇంకెన్ని చేతుల్ని తుడిచిందో తలుచుకుని రాజరత్నం నిలబడే ఉన్నాడు.

"టార్గెట్, ఓబులేసు. ఆళ్లగడ్డ. పైకి రాతి శిల్పాల ఎక్స్‌పోర్టు. లోపల వేరే సరుకు. మన తూర్పు తీరంలో రాడార్లున్నాయే, వాటి ఫ్రీక్వెన్సీలన్నీ ఒక ఫ్లాపీలో ఎక్కించి ఒక ల్యాబ్ నుంచి కొట్టేశారు. అది వీడి దగ్గరుంది. కొనేవాడు వాన్స్ అనే తెల్లోడు. రేపొస్తున్నాడు."

"రెయిడ్ చేస్తే?"

"ఫ్లాపీ ఎక్కడ దాచాడో తెలీదు. సామ్యేలు అది వెతుకుతూనే పోయాడు. వాన్స్ కళ్ళారా చూస్తేగాని కొనడట. ఎద్దుకు పళ్ళు చూసినట్టు. చూడాలంటే కంప్యూటర్ కావాలి. ఒక ల్యాప్‌టాప్ తెప్పించారు. ఒళ్ళో పెట్టుకునే కంప్యూటరయ్యా. అది చెడి కూర్చుంది. అది లేస్తేనే ఫ్లాపీ బయటికొస్తుంది."

"లేపేది నేనా?"

"కంప్యూటర్ ట్రెయినింగ్ నీకే కదా ఇప్పించాం. ఇంజనీర్ని పంపమని ఓబులేసు సెక్రటరీ హైదరాబాదుకు ఫోన్ చేసింది. ఆ ఫోన్ మనకే వచ్చింది. పేరు లూదియా. మన మనిషి."

"నిజంగానా?"

"వాళ్ళూ తమ మనిషనే అనుకుంటున్నారు," అని చీఫ్ బొటనవేలు చప్పరించాడు. "ఎవరి మనిషో రేపు తేలుతుంది. ఒకటి గుర్తుపెట్టుకో. మెషిన్ తెప్పించింది ఆమే. అది నడవకపోతే ఓబులేసు ఆమెను కూడా కెనాల్‌లో పడేస్తాడు. నడిచిందా, ఫ్లాపీ సముద్రం దాటుతుంది. రెండూ జరగకూడదు."

చెప్పడం ఎంత సులువో అనుకున్నాడు రాజరత్నం. చీఫ్ జేబులోంచి ఒక లావుపాటి బంగారు రంగు ఉంగరం తీసి ఇచ్చాడు. దాని రాయి కింద బలమైన అయస్కాంతం ఉందట. ఫ్లాపీ మీద ఒక్కసారి రాస్తే లోపలిదంతా చెరిగిపోతుందట. తర్వాత కోడ్. లూదియా "బనగానపల్లె మామిడిపండ్లు దొరుకుతాయా?" అని అడగాలి. రాజరత్నం "బుట్ట నిండా తెచ్చాను" అనాలి.

"సార్, ఇది దసరా. మామిడిపండ్లు ఎండాకాలంలో అయిపోతాయి."

"కోడ్ అయ్యా, కోడ్. ఇక సిగ్నల్. ఫ్లాపీ కనపడగానే నువ్వు ఫ్యూజ్ పీకు. కరెంటు పోతే బయట కాపు కాసే ఎస్సై మత్తయి లోపలికొస్తాడు."

మూల నిలబడ్డ ఎస్సై మత్తయి మెల్లగా దగ్గాడు. "సార్, ఆళ్లగడ్డలో కరెంటు పొయ్యేది వింత కాదు సార్. అట్లయితే నేను పొద్దస్తమానం లోపలికి బయటికి తిరుగుతాండాల్సిందే."

చీఫ్ బజ్జీ మీద నుంచి తల ఎత్తలేదు. మెట్లు దిగుతూ రాజరత్నం, మత్తయి వేరే సిగ్నల్ మాట్లాడుకున్నారు. ఓబులేసు షెడ్డు ముందు ఎప్పుడూ ఒక లారీ ఉంటుంది. దాని హారన్ ఆపకుండా మోగితే రావాలి. ఈ మాట లూదియాకు రాజరత్నమే చెప్పుకోవాలి, ఆమె నిజంగా మన మనిషే అయితే.

మర్నాడు ఆయుధ పూజ. రాజరత్నం ఇంట్లో ఆ పండగ లేదుగాని, నంద్యాలలో పుట్టినవాడికి దాని సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కొడవలి నుంచి కుట్టుమిషన్ దాకా ఇంట్లో అన్నం పెట్టే వస్తువులన్నిటినీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, వరసగా పేరుస్తారు. ఆ రోజు వాటితో పని చెయ్యరు. మళ్ళీ చేతికెత్తుకునేది తెల్లారాకే.

ఓబులేసు షెడ్డులో సగం చెక్కిన దేవుళ్ళు ముక్కూ మొహం లేకుండా నిలబడి ఉన్నారు. ముందు లారీకి అరటి పిలకలు కట్టారు. గడపలోనే ఒక వస్తాదు రాజరత్నాన్ని నిలువునా తడిమాడు. పాన్ ఉమ్మిన చేతిని కడుక్కోకుండానే తడిమాడు. ఉంగరం దగ్గర ఆగాడు.

"బంగారమా?"

"గిల్టు."

"లోపలికి ఇనుము, బంగారం పోగూడదు," అని ఊడబీకి తన జేబులో వేసుకున్నాడు. గిల్టు అన్నది నమ్మలేదని వాడి మొహమే చెబుతోంది. డిపార్ట్‌మెంటు మేధస్సంతా అట్లా పాన్ మరకల జేబులోకి పోయింది.

లోపల లూదియా ఎదురొచ్చింది. గంధం రంగు సిల్కు చీర, నల్ల కళ్ళజోడు, పెదాలకు లిప్‌స్టిక్. ఆ రాతి దుమ్ములో ఆమె మీద మాత్రం దుమ్ము వాలలేదు.

"ఇంజనీర్ గారా? బనగానపల్లె మామిడిపండ్లు దొరుకుతాయా?"

"బుట్ట నిండా తెచ్చాను."

"దసరాకు మామిడిపండ్లేందప్పా?" అంటూ వెనకనుంచి ఓబులేసు వచ్చాడు. లావుగా, తెల్ల పంచెలో, నోటినిండా మాంసంతో. చేతిలో ఇంకో ఎముక ఉంది. అతని కళ్ళు ఇద్దరి మీదా ఒక్కొక్కసారి ఆగాయి.

లూదియా నవ్వింది. "సీసాలో రసం ఓబులేసన్నా. హైదరాబాదులో అమ్ముతారు. దొరగారికి పెడదామని తెమ్మంటిని."

"తెచ్చిన బుట్ట యాడ?"

"బస్సులోనే మర్చిపోయినా," అన్నాడు రాజరత్నం, పుట్టిన ఊరి యాస తనంతట తానే నోట్లోకొచ్చి. ఓబులేసు ఎముక నమిలి, మూలుగ పీల్చి, నేల మీదికి ఊశాడు. అనుమానం పోయిందో, కడుపు నిండిందో తెలీదు.

బల్ల మీద ల్యాప్‌టాప్ ఉంది. రాజరత్నం వంగి చూశాడు. మూత నిండా పసుపు. నాలుగు మూలలా కుంకుమ బొట్లు. కీబోర్డు మీద ఎండిన కొబ్బరినీళ్ళు, బెల్లం పాకం. చీమలు బారులు తీరి ఒక మీటలోంచి ఇంకో మీటలోకి కాపురం మారుతున్నాయి.

"ఎవరు చేశారిది?"

"నేనే నాయనా," అంటూ ఒక ముసలమ్మ ముందుకొచ్చింది. ఓబులేసు తల్లి తిరుపాలమ్మ. చేతులు మోచేతి దాకా పసుపు పచ్చగా ఉన్నాయి. "పండగ ముందరే ఇల్లు జేరె గదా. కొత్త ఆయుధం. వచ్చిన పూటే పానకం పోసి కడిగినా. ఏం, తక్కువైందా?"

"ఎక్కువైందమ్మా."

"మాయమ్మ అంతే," అన్నాడు ఓబులేసు. "నా పిస్తోలును గూడా వదిలిపెట్టలే. అదో."

గడప పక్కన గోడ వారగా పూజ పీట మీద ఉలులు, సుత్తులు, పక్కన ఒక పిస్తోలు. దానికి బంతిపూల దండ. కొత్త కుండకు కట్టినట్టు, పిస్తోలు కాల్చే మీట వెనక సందులో ఒక పసుపు కొమ్ము కుక్కి దారంతో బిగించి కట్టింది ముసలమ్మ. సామ్యేలు గొంతు కోసినవాళ్ళ ఇంట్లో పిస్తోలుకు కూడా బంతిపూలు. రాజరత్నం మొహం తిప్పుకున్నాడు.

"మధ్యాన్నానికి దొరొస్తాడు. ఆలోపల ఇది వెలగల్ల," అని ఓబులేసు లూదియా భుజం మీద మాంసం తిన్న చెయ్యి వేశాడు. సిల్కు మీద నూనె మరక పడింది. "లేకపోతే ఈ యమ్మి సంగతి నేను జూసుకుంటా."

రాజరత్నం పనిలోకి దిగాడు. స్విచ్ వేస్తే మెషిన్ ఆపకుండా కీచుకీచుమని అరుస్తోంది. తెర మీద ఏమీ లేదు. అరుపు ఎందుకో సులువుగానే తెలిసింది. బెల్లానికి మీటలు అతుక్కుపోయి, ఎవరో నొక్కి పట్టుకున్నట్టే ఉన్నాయి. ఒక్కొక్క మీటా పెరికాడు. కింద చచ్చిన బొద్దింక ఒకటి వెల్లకిలా పడుంది. దాన్ని పుల్లతో తీస్తుంటే మీసం విరిగి లోపలే ఉండిపోయింది. స్పిరిట్ తెమ్మన్నాడు. దూది నంద్యాల ప్రాంతంలో అడగాల్సిన పనే లేదు. ప్రతి మీటా తుడిచాడు. బెల్లం, కొబ్బరి, చీమలు కలిసి గోళ్ళలోకి ఎక్కిన ఆ జిగురు వాసనకు రెండుసార్లు లేచి బయటికి వెళ్ళి ఉమ్మి వచ్చాడు.

రెండోసారి వెళ్ళినప్పుడు లూదియా వెనకే వచ్చింది.

"లారీ హారన్," అన్నాడు పెదాలు కదలకుండా. "ఆపకుండా."

ఆమె తల ఊపిందో, కొప్పు సర్దుకుందో తేలలేదు.

అరుపు ఆగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. బ్యాటరీ చూశాడు, బాగుంది. వోల్టేజి తగ్గించే పెట్టె చూశాడు, బాగుంది. చెమటలు పట్టాయి. చివరికి తెర పక్కనున్న చిన్న చక్రం మీద కన్ను పడింది. తెర మీద అక్షరాలు ముదురుగానో లేతగానో కనపడేలా తిప్పే చక్రం అది. ముసలమ్మ గుడ్డ పెట్టి తోమినప్పుడు ఆ చివరికి తిరిగిపోయింది. వేలితో ఇటు తిప్పేసరికి అక్షరాలు తేలాయి. ఇంత సేపూ మెషిన్ బతికే ఉంది. దాన్ని చూడ్డం చేతగాక తనే చచ్చాడు.

మెషిన్‌ను నడిపించే డాస్ ఫ్లాపీ పెట్టి మళ్ళీ ఆన్ చేశాడు. మెషిన్ కాసేపు గొణిగింది. తెర మీద ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ ఒక గీత మినుకుమినుకుమంది.

"దీని తెరకు సొంత వెలుతురు లేదు," అన్నాడు పైకి. "వాకిట్లోకి తీసుకురావాల. లేకపోతే దొరకు కనపడదు."

అది నిజమే. లారీ దగ్గరవుతుందన్నది ఇంకా పెద్ద నిజం. బల్ల వాకిట్లోకి వచ్చింది. పిస్తోలు ఉన్న పూజ పీట గడప లోపల, రెండడుగుల దూరంలోనే ఉండిపోయింది. దాన్ని ఎవరూ కదపలేదు.

వాన్స్ వచ్చాడు. సెంటు, చెమట కలిసిన కంపుతో. చేతులు కలపబోయిన ఓబులేసును చూసి చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. దేశాన్ని అమ్మేవాడంటే కొనేవాడికి కూడా అంత అసహ్యమా అనిపించింది రాజరత్నానికి. ఈ ఒక్క విషయంలో ఇద్దరి అభిప్రాయం కలిసింది.

"షో మి," అన్నాడు వాన్స్.

ఓబులేసు లోపలికి పోయి ఒక పాత చెక్క పెట్టె తెచ్చాడు. వాళ్ళ నాయన ఉలుల పెట్టె. దానికీ బొట్టు ఉంది. అడుగు చెక్క ఎత్తి, అరచేతిలో పట్టేంత నల్ల ఫ్లాపీ తీశాడు. సామ్యేలు ప్రాణం తీసిన వస్తువు అంతే ఉంది. దాని మీద కూడా ఒక బొట్టు. "మాయమ్మ దీన్ని గూడా..." అని విసుక్కుని ఓబులేసు బొటనవేలితో తుడిచేశాడు.

లూదియా లారీ వైపు ఒక్క అడుగు వేసింది. వస్తాదు అడ్డం నిలబడ్డాడు. ఆగిపోయింది.

ఉంగరం లేదు. హారన్ అందదు. ఫ్లాపీ చేతికొచ్చింది. మెషిన్‌లో పెట్టబోతూ రాజరత్నం దాని చిన్న రేకు తలుపు అంచున పచ్చటి గీత చూశాడు. గోటితో అర వెంట్రుకవాసి జరిపాడు. లోపల, అద్దంలా మెరిసే నల్ల బిళ్ళ మీద, గట్టిగా ఎండిన పసుపు ముద్ద, నడుమ కుంకుమ బొట్టు.

రాజరత్నం తలుపు మూసేశాడు. ఆ రోజు మొదటిసారి అతనికి రోత పుట్టని వస్తువు కనపడింది. ఫ్లాపీ లోపలికి తోశాడు.

మెషిన్ గర్రుమంది. రాతి మీద ఉలి జారిన చప్పుడు. తెర మీద అక్షరాలు వచ్చాయి: డేటా ఎర్రర్. అబార్ట్, రిట్రై, ఇగ్నోర్?

"వాట్ ఈజ్ దిస్?"

"రిట్రై కొట్టాల," అన్నాడు రాజరత్నం వినయంగా. "ఆర్ నొక్కమని చెప్పండి మేడమ్. వారే నొక్కితే మంచిది."

లూదియా చెప్పింది. వాన్స్ నొక్కాడు. మళ్ళీ గర్రు. లోపల పసుపు గడ్డ చదివే మొనకు అడ్డంపడి, తిరిగే బిళ్ళను గీకుతోంది. ఒక్కొక్క గీతతో తూర్పు తీరం ఒక్కొక్క మైలు క్షేమంగా మిగులుతోంది.

"మళ్ళీ," అన్నాడు రాజరత్నం. "కొత్త మెషిన్. బెట్టు చేస్తుంది."

వాన్స్ మళ్ళీ నొక్కాడు. మళ్ళీ. అతని మెడ ఎర్రబడింది. చివరికి మెషిన్ గర్రుమనడం మాని సన్నగా ఈల వేసింది. ఇక చదవడానికి లోపల ఏమీ మిగల్లేదని రాజరత్నానికి అర్థమైంది. వాన్స్ లేచి లూదియా మొహం మీదికి వేలు చూపించాడు. "షి చీటెడ్ యూ! షి బ్రాట్ యు జంక్!"

"ఏమంటాండాడు?" అన్నాడు ఓబులేసు.

తన చావు తనే తెలుగులో చెప్పాలి ఆమె. మెకానిక్ పాడుచేశాడని ఒక్క మాట అంటే బతికిపోతుంది. రాజరత్నం ఆమె పెదాలనే చూస్తున్నాడు.

"నేను మోసం చేసినానంటాండాడు," అంది లూదియా. ఇంకేమీ అనలేదు.

ఎవరి మనిషో తేలింది. ఓబులేసు పూజ పీట మీది పిస్తోలు అందుకున్నాడు. బంతిపూలు రాలాయి.

"ఆమె తప్పు లేదు!" అని రాజరత్నం అరిచాడు. "ఫ్లాపీ లోపల పసుపుంది. మీ ఇంట్లోనే పెట్టినారు. మీ అమ్మనడుగు!"

"నేనే పెట్టినా," అంది గడపలోంచి తిరుపాలమ్మ. "ఆ బిళ్ళకు చిన్న రేకు తలుపుండె. జరిపితే లోపల నల్లగా మెరుస్తాండె. గుడికి పోయి తలుపుకు బొట్టు పెట్టి వస్తామా? లోపలుండే సామికి పెట్టల్ల గదా. ఓబులేసా, పండగ పూట దాన్నెత్తగూడదు. పెట్టు కిందికి."

ఓబులేసు వినలేదు. లూదియా గుండెకు గురిపెట్టి మీట లాగాడు. మీట కదల్లేదు. మళ్ళీ లాగాడు. మీట వెనక కుక్కిన పసుపు కొమ్ము రాయిలా నిలబడింది. పళ్ళతో దారం కొరకబోయాడు.

రాజరత్నం ల్యాప్‌టాప్‌ను రెండు చేతులా ఎత్తి అతని మణికట్టు మీద దించాడు. రుబ్బురాయంత బరువు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. ఇన్ని తిప్పలు పెట్టిన మెషిన్ ఒక్క పనికైనా పనికొచ్చింది. వస్తాదు ఇటు ఉరికాడు. అడ్డం తొలగగానే లూదియా పరుగెత్తి లారీ హారన్ రబ్బరు బుడ్డిని రెండు చేతులా పిసికింది. ఊరంతా మారుమోగింది. మత్తయి మనుషులు గోడలు దూకారు. వాన్స్ పారిపోబోయి సగం చెక్కిన నంది విగ్రహం మీద పడి దొరికాడు. ముక్కుకు అడ్డంపెట్టుకున్న రుమాలు మాత్రం వదల్లేదు.

బేడీలు పడ్డాక తిరుపాలమ్మ రాజరత్నం దగ్గరికొచ్చింది.

"ఆ బిళ్ళలో ఏముండె నాయనా?"

"మన దేశం కళ్ళమ్మా. తీసి అమ్ముతాన్నాడు."

"రాళ్ళు అమ్ముతాడనుకుంటి." చేతి పసుపు కొంగుకు రాసుకుంది. "నిన్న నంద్యాల కాలవలో తేలిన పిల్లోడు?"

రాజరత్నం ఓబులేసు వైపు చూశాడు. ముసలమ్మకు అది చాలింది. కింద పడ్డ పిస్తోలు తీసి, కొంగుతో దాని మీది కుంకుమ తుడిచింది. తర్వాత కొడుకు దగ్గరికి నడిచి, అదే కొంగుతో అతని నుదుటి మీది బొట్టు తుడిచేసింది. గట్టిగా, చర్మం ఎర్రబడేలా తుడిచింది.

"ఇది మీ నాయన ఉలికి పెట్టిన బొట్టురా. నీకు పనికిరాదు," అంది. ఓబులేసు ఆ రోజు మొదటిసారి తల దించుకున్నాడు.

సాయంత్రం నంద్యాల బస్సులో లూదియా పక్కసీట్లో కూర్చుంది. సిల్కు చీర మీద నూనె మరక అలాగే ఉంది.

"నన్ను నమ్మలేదు గదా?"

"లేదు."

"నేనూ ఆ మెషిన్ లేస్తాదని నమ్మలే," అని కళ్ళు మూసుకుంది. రాజరత్నం గోళ్ళు చూసుకున్నాడు. బెల్లం జిగురు ఇంకా పోలేదు. కెనాల్ దాటేటప్పుడు లేచి నిలబడి, ఎవరికీ వినపడకుండా సామ్యేలుకు విషయం చెప్పాడు.

వారం తిరక్కుండానే స్టోర్స్ విభాగం నుంచి మెమో వచ్చింది. అయస్కాంతపు ఉంగరం పోగొట్టినందుకు జీతంలో కోత. దాని కింద ఒక ప్రశ్న: రిపోర్టులో రాసిన "పసుపు కొమ్ము" ఏ మోడల్, ఎవరి అనుమతితో వాడారు?